జింక దగ్గరికి పాకి వెళ్లాలా, దూరం నుంచే కొట్టాలా? మా ఇద్దరికీ తెగట్లేదు

పొదచాటు
నాకూ నాతో వేటకు వచ్చే స్నేహితుడికీ పోయిన సీజన్‌లో మొదలైన గొడవ, ఇంకా ఆగలేదు. ఫోన్ చేసినప్పుడల్లా అదే మాట. రెండు రకాలుగానూ జింక వేట చేసినవాళ్లు ఎవరైనా చెప్పండి.

సాయంత్రం, ఇంకో గంటన్నర వెలుతురు ఉంది. లోయకు అవతలి వాలులో మంచి కొమ్ములున్న మగ జింక మేస్తోంది. దూరం కొలిచే రేంజ్‌ఫైండర్‌లో 470 గజాలు. నాతో వచ్చినవాడు అప్పటికే బోర్లా పడుకుని రైఫిల్‌ను బైపాడ్ అనే రెండు కాళ్ల స్టాండ్ మీద నిలబెట్టేశాడు. "వంతు నీది, రా, ఇక్కణ్నుంచే అయిపోతుంది" అన్నాడు. నాకు మనసొప్పలేదు. 250 గజాలు దాటి నేనెప్పుడూ కొట్టలేదు. వాగులోకి దిగి, అవతలి ఒడ్డున కింది నుంచి పైకి పాక్కుంటూ 150 గజాల లోపు చేరతానన్నాను.

యాభై నిమిషాలు పట్టింది. చివరి ముప్పై గజాలు మోచేతుల మీదే. గడ్డి మీంచి కొమ్ముల కొసలు కనిపిస్తున్నాయి, గుండె చప్పుడు నా చెవులకే వినిపిస్తోంది. అప్పుడు చెమట పట్టిన మెడకి వెనక నుంచి చల్లగా గాలి తగిలింది. అంతే, బుస్సుమని ఒక చప్పుడు. బుస కొట్టింది మగది కూడా కాదు. కుడి పక్క పొదలో పడుకున్న ఆడ జింక, దాన్ని నేను అసలు చూడనే లేదు. రెండూ తోకలెత్తి గట్టు దాటేశాయి.

"చేతికొచ్చినదాన్ని పోగొట్టావు" అని వాడు. "తగలకూడని చోట తగిలి ఉంటే?" అని నేను. తప్పు నాదేనా?

గట్టుమీద
కాదు. కొట్టలేనని తెలిసిన దూరంలో కొట్టకపోవడం తప్పెలా అవుతుంది? మీ లెక్క 250. అది 470. అయిపోయింది.

ఆరువందలు
నేను రెండో వైపు మాట్లాడతాను, ఎవరో ఒకరు మాట్లాడాలి కదా.

మీరు కొట్టకపోవడం సరైనదే, ఆ దూరంలో మీకు అలవాటు లేదు కాబట్టి. మీ స్నేహితుడు కొట్టి ఉంటే మాత్రం తప్పని అనను, అతను నిజంగా సాధన చేసి ఉంటే. నేను ఏడాది పొడుగునా ప్రతి రెండు వారాలకూ షూటింగ్ రేంజ్‌కి వెళ్తాను. ప్రతిసారీ మొదటి తూటా చల్లటి బ్యారెల్ నుంచి, 500 గజాల్లో ఎనిమిది అంగుళాల ఇనప పళ్లెం మీద. ఆ ఒక్క దెబ్బే పుస్తకంలో రాసుకుంటాను. రెండోది, మూడోది ఎంత బాగా తగిలినా రాయను. అడవిలో రెండోది ఉండదు.

ఇంకో మాట. నా కళ్లారా చూసిన గాయాల్లో ఎక్కువ భాగం దగ్గరివే. వంద గజాల లోపు, నిలబడి, ఆయాసంతో రొప్పుతూ, పరిగెడుతున్న జింక మీద పేల్చినవి. దగ్గరే కదా అని నిర్లక్ష్యం. దూరం నుంచి కొట్టేవాడు బోర్లా పడుకుంటాడు, ఊపిరి సర్దుకుంటాడు, మేస్తూ నిలబడ్డ జంతువునే ఎంచుకుంటాడు. ఏది నిదానమో మీరే చెప్పండి.

గజంబద్ద
ఆరువందలు చెప్పిన పళ్లెం సాధన మెచ్చుకోవాలి, చాలామంది అది కూడా చేయరు. అయితే పళ్లానికీ జింకకూ మధ్య ఉన్న తేడా లెక్కల్లో చెప్తాను, ఎందుకంటే లెక్కలు చూశాకే నేను నా హద్దు తగ్గించుకున్నాను.

జింక ఆయువుపట్టు, అంటే గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు, సుమారు ఎనిమిది అంగుళాల వెడల్పు. మధ్యలో గురిపెడితే ఎటు చూసినా నాలుగు అంగుళాలే మన చేతిలో ఉన్నది. ఇప్పుడు 6.5 క్రీడ్‌మూర్ రకం తూటా పేల్చే మంచి రైఫిల్ తీసుకోండి, 200 గజాల్లో గురిపెట్టిన చోటే తగిలేలా సెట్ చేసింది. 500 గజాల దగ్గరికొచ్చేసరికి తూటా 45 అంగుళాల చుట్టుపక్కల కిందకి దిగుతుంది. దాని గురించి దిగులు లేదు, దూరం కచ్చితంగా తెలిస్తే స్కోప్ మీది మీట తిప్పి సరిచేసుకోవచ్చు. కానీ 25 గజాలు తప్పు లెక్కేశారా, ఆరు ఏడు అంగుళాలు తేడా. నాలుగు దాటిపోయింది.

గాలి ఇంకా కష్టం. గంటకు 10 మైళ్ల అడ్డగాలి ఆ తూటాను 200 గజాల్లో రెండున్నర అంగుళాలు పక్కకు నెడుతుంది. 500 గజాల్లో 17, 18 అంగుళాలు. అంటే 10 మైళ్ల గాలిని 7 అని అనుకుంటేనే గురి అయిదంగుళాలు తప్పింది. 10కీ 7కీ తేడా బుగ్గ మీద తగిలే గాలితో చెప్పగలిగే మనిషి నాకు ఇంతవరకూ కనిపించలేదు.

రైఫిల్ సొంత చెదురు కూడా కలపండి. 100 గజాల్లో ఒక అంగుళంలో గుంపుగా కొట్టే రైఫిల్, 500లో అయిదంగుళాల్లో కొడుతుంది. అదీ బల్ల మీద పెట్టి కొడితే.

కొత్తచేయి
చిన్న సందేహం. ఇప్పుడు గాలిని కొలిచే మీటర్లు, లెక్కలేసే యాప్‌లు, దూరంతో పాటు కోణం కూడా చెప్పే రేంజ్‌ఫైండర్లు వచ్చాయి కదా. ఇవన్నీ ఉంటే సరిపోదా?

గజంబద్ద
కోణం వరకు సరిపోతుంది. 30 డిగ్రీల వాలులో 400 గజాలుంటే, తూటా పడే లెక్కకు అది 346 గజాలే. ఆ పని యంత్రం మనకంటే బాగా చేస్తుంది. గాలి మీటరు మాత్రం మీరు నిలబడ్డ చోటి గాలినే చెప్తుంది. లోయ మధ్యలో ఎలా ఉంది, జింక దగ్గర ఎలా ఉంది అన్నది గడ్డి, ఆకులు, ఎండమావిలా ఊగే వేడి చూసి మీరే పోల్చుకోవాలి. పొదచాటు కథలో ఉన్నది కూడా అదే. ఇవతల గట్టు మీద ఒక గాలి, అవతల వాలులో ఇంకో గాలి.

కొత్తచేయి
అర్థమైంది. ఆ జింక కదిలితే?

గజంబద్ద
అది నేను రాయడం మర్చిపోయాను. 500 గజాలు వెళ్లడానికి ఆ తూటాకు సుమారు 0.65 సెకను పడుతుంది. మేస్తున్న జింక ఒక్క అడుగు వేయడానికి అది చాలు. మీరు ట్రిగ్గర్ నొక్కేటప్పుడు జబ్బ వెనక ఉన్న గురి, తూటా చేరేసరికి పొట్ట మీద ఉంటుంది. మీ తప్పు ఏమీ ఉండదు. దాని తప్పు అసలే ఉండదు.

విల్లంబు
రైఫిల్ వాళ్లు దగ్గర, దూరం అంటుంటే విల్లు పట్టుకున్నవాడికి వింతగా ఉంటుంది. నా హద్దు 30 గజాలు. మీకు 150 గజాలు దగ్గర. నాకు అది పక్క ఊరు.

కదలడం గురించి వచ్చింది కాబట్టి చెప్తాను. నా బాణం సెకనుకు 280 అడుగుల వేగంతో వెళ్తుంది. 30 గజాలు చేరడానికి సెకనులో మూడో వంతు. తాడు చప్పుడు మాత్రం సెకనులో పన్నెండో వంతులోనే దాని చెవిన పడుతుంది. బెదిరిన జింక పరుగు తీయడానికి ముందు కాళ్లు మడిచి కిందకి కుంగుతుంది, బాణం వీపు మీంచి పోతుంది. తల ఎత్తి చెవులు నా వైపు తిప్పిన జింక మీద 20 గజాల్లో కూడా బాణం వదలను. అది మేస్తున్నప్పుడే.

తూటాకు ఆ బాధ లేదు, చప్పుడు కంటే ముందే చేరుతుంది. కానీ అసలు విషయం ఒకటే. జింక ఏం చేయబోతోందో మొహంలో చదవగలిగేంత దగ్గర్లో ఉన్నామా లేదా?

ఆరువందలు
60 రెట్ల స్పాటింగ్ స్కోప్‌లో 500 గజాల నుంచి దాని కనురెప్ప కూడా కనిపిస్తుంది. నేను ఉన్నానని దానికి తెలియదు. బెదరని జింకను చదవడం తేలిక. పొదచాటు 150 గజాల దగ్గర చూసింది అప్పటికే చెవులు నిక్కించిన జింకని.

పొదచాటు
లేదు, మగది చివరి నిమిషం వరకూ మేస్తూనే ఉంది. నన్ను పట్టించింది ఆ ఆడది.

నిదానం
ఎప్పుడూ కనపడని ఆడదే పట్టిస్తుంది. కొమ్ములు చూడగానే మన కళ్లు అక్కడే అతుక్కుపోతాయి. బయల్దేరే ముందు పది నిమిషాలు కొమ్ముల్ని వదిలేసి చుట్టుపక్కలంతా బైనాక్యులర్స్‌తో వెతకాలి. మొత్తం జింక కోసం వెతక్కండి, ముక్కలు వెతకండి. నిలువు చెట్ల మధ్య అడ్డంగా ఉన్న వీపు గీత, ఊగే చెవి కొస, తడి ముక్కు మీద మెరుపు.

పొదచాటూ, ఒక్కటి అడుగుతాను. ఆ వాలు మీద ఎండ ఉందా అప్పుడు?

పొదచాటు
ఉంది. పడమటి వైపు వాలు. సూర్యుడు సూటిగా దాని మీదే.

నిదానం
అదిగో. తప్పు దగ్గరికి వెళ్లడంలో లేదు, వెళ్లిన దారిలో ఉంది.

ఎండ తగిలిన నేల వేడెక్కి దాని మీది గాలి వాలు వెంట పైకి పాకుతుంది. నీడ పడ్డాక చల్లబడిన గాలి బరువెక్కి నీళ్లలాగే కిందకి జారుతుంది. సాయంత్రం కదా, గాలి కిందకే వస్తుందని మీరు కింది నుంచి ఎక్కి ఉంటారు. కానీ పడమటి వాలుకి సాయంత్రం ఆలస్యంగా వస్తుంది. మీ వాసన మీ కంటే ముందే పైకెళ్లింది. చుట్టు తిరిగి గట్టు పై నుంచి దిగి ఉండాలి, లేదా నీడ పడేదాకా వాగులోనే కూర్చుని ఉండాలి.

ఇది చదివి తెలుసుకున్నది కాదు. నేనూ మూడు సీజన్లు ఇలాగే పోగొట్టుకున్నాను. ఇప్పుడు చిన్న ప్లాస్టిక్ సీసాలో మెత్తటి పౌడర్ పెట్టుకుని, ప్రతి ఇరవై అడుగులకోసారి ఒక్క నొక్కు నొక్కుతాను. పొగలా లేచి ఎటు పోతే అటు నా వాసన పోతున్నట్టు. జింకకి కళ్లను మోసం చేయొచ్చు. ఎరుపు, నారింజ మనకు కనిపించినట్టు దానికి కనిపించవు, అందుకే నారింజ చొక్కా వేసుకున్నా ఫర్వాలేదు, నీలం రంగు మాత్రం బాగా పడుతుంది. చెవులను కూడా కొంత మోసం చేయొచ్చు, గాలి వీచి ఆకులు కదిలినప్పుడే అడుగు వేస్తే. ముక్కును ఎవరూ మోసం చేయలేరు.

పొదచాటు
ఎవరూ చెప్పలేదు నాకు ఇది. సాయంత్రమైతే గాలి దిగుతుంది అన్నంత వరకే తెలుసు.

కొత్తచేయి
నిదానం గారూ, ఎప్పుడు కదలాలి, ఎప్పుడు ఆగాలి, అది కూడా చెప్పండి.

నిదానం
తల దించి మేస్తున్నప్పుడు కదలాలి. తెల్లతోక జింక అయితే తల ఎత్తే ముందు చాలాసార్లు తోక ఒకసారి విదిలిస్తుంది. తోక కదిలిందా, ఉన్నచోటే బండరాయి అయిపోండి, ఒక కాలు గాల్లో ఉన్నా సరే. తల ఎత్తి మిమ్మల్నే చూస్తుంటే కళ్లలోకి చూడకండి, నేల చూడండి. తల దించినట్టే దించి చటుక్కున ఎత్తుతుంది, ఆ దొంగ చూపుకు మోసపోవద్దు.

పాకేటప్పుడు చాంబర్ ఖాళీగా, అంటే పేలే చోట తూటా లేకుండా ఉండాలి. ఇది బతిమాలి చెప్తున్నాను. రైఫిల్‌ను గడ్డిలో ముందుకు తోసుకుంటూ పాకుతాం, పుల్ల తగిలితే చాలు.

అవతలి గట్టు నుంచి చూసిన చెట్టు దగ్గరికెళ్తే వేరేగా కనిపిస్తుంది. బయల్దేరే ముందే ఫోన్‌లో ఫోటో తీసుకుని, వాలులో మూడు గుర్తులు పెట్టుకోండి.

గట్టుమీద
ఇందులో నేను కలిపేది ఒక్కటే. దగ్గరికి చేరాక స్కోప్‌ను 4 రెట్లకు తగ్గించండి. ఒకసారి 12 మీద మర్చిపోయాను, జింక 25 గజాల్లో లేచి నిలబడింది. స్కోప్‌లో వెంట్రుకలు తప్ప ఏమీ లేవు. గోధుమ రంగు వెంట్రుకలు, ఒక్కోటి లెక్కపెట్టొచ్చు. అది జబ్బో తొడో ఇప్పటికీ చెప్పలేను.

విల్లంబు
మంచి ఫోటో అయి ఉండేది.

అడుగుజాడ
నేను జాడ తీస్తాను. దెబ్బతిని తప్పిపోయిన జింకల కోసం, తాడు కట్టిన కుక్కతో వెళ్తాను, పదకొండేళ్లుగా. ఈ చర్చలో నాకు చెప్పాల్సింది చాలా ఉంది.

దూరం నుంచి కొట్టినవాళ్లు నన్ను పిలిచినప్పుడు అడిగే మొదటి ప్రశ్న, "దెబ్బ తగిలినప్పుడు అది ఎక్కడ నిలబడి ఉంది?" సగం మంది చెప్పలేరు. ఇవతలి గట్టు నుంచి చూసి "ఆ ఎండు చెట్టు పక్కన" అంటారు. అక్కడికెళ్తే ఎండు చెట్లు పదిహేను. దెబ్బ తగిలిన చోట నేల మీద చదవాల్సింది చాలా ఉంటుంది. తెగిన వెంట్రుకలు, ఎగిరిన మట్టి, మొదటి రక్తపు చుక్క. నురుగుతో లేత ఎరుపు రక్తమైతే ఊపిరితిత్తులు, దగ్గర్లోనే పడి ఉంటుంది. చిక్కగా నల్లెరుపు అయితే కాలేయం. ఆకుపచ్చ పసరు కలిసి కంపు కొడితే పొట్ట, ఇక ఆరు నుంచి ఎనిమిది గంటలు దాని దరిదాపులకు వెళ్లకూడదు. తొందరపడి తరిమితే మైళ్లు పోతుంది. ఆ మొదటి చోటే దొరక్కపోతే ఎన్ని గంటలు ఆగాలో ఎలా తెలుస్తుంది?

రెండేళ్ల కిందట ఒకతను 480 గజాల నుంచి కొట్టి పిలిచాడు. మంచి మనిషి, సాధన ఉన్నవాడు. తగిలిన చప్పుడు విన్నానన్నాడు. మొదటి చుక్క దొరకడానికే రెండు గంటలు పట్టింది, అతను చెప్పిన చోటికి 70 గజాల పక్కన. చుక్కలో పసరు. ఆ రాత్రి ఆగాం, పొద్దున్నే మళ్లీ మొదలుపెట్టాం. మధ్యాహ్నానికి ఒక వాగు ఒడ్డున దొరికింది, ఇంకా బతికే ఉంది. పడుకున్నచోటే మూడుసార్లు చోటు మార్చుకున్న గుర్తులు, నీళ్ల దాకా ఈడ్చుకుంటూ వచ్చిన గుర్తులు. కుక్క మొరగలేదు. అతను పక్కకెళ్లి కూర్చున్నాడు, చాలాసేపు మాట్లాడలేదు. పని నేనే ముగించాను.

గాలి ఎంత ఉందని అడిగితే "ఏమీ లేదు" అన్నాడు. అతను పడుకున్న చోట నిజంగానే ఏమీ లేదు.

పొదచాటు
ఇది మావాడికి చదివి వినిపిస్తాను.

ఆరువందలు
అడుగుజాడా, మీరు చెప్పిందానికి ఎదురు చెప్పను. గుర్తు పెట్టుకోవడం విషయంలో నూటికి నూరు పాళ్లు నిజం. అందుకే నేను ఒంటరిగా దూరం కొట్టను. పక్కన ఇంకో మనిషి ఉండాలి, దెబ్బ తగిలిన చోటు మీంచి కన్ను తీయకూడదు. నేను నడిచి అక్కడికి చేరేదాకా అతను చేతులతో దారి చూపిస్తాడు.

కానీ మీరు చూసేవి తప్పిపోయిన కేసులే కదా? సరిగ్గా పడ్డ జింకలకు మిమ్మల్ని ఎవరూ పిలవరు.

అడుగుజాడ
ఆ మాట ఒప్పుకుంటాను. దగ్గరి దెబ్బలకు కూడా నన్ను పిలుస్తారు, మీరు మొదట చెప్పినట్టు పరిగెడుతున్నవాటి మీద పేల్చినవే ఎక్కువ. తేడా ఏమిటంటే, 80 గజాల్లో కొట్టినవాడు నన్ను తిన్నగా ఆ చోటికే తీసుకెళ్తాడు. బూటు మడమతో గీత గీసి ఉంచుతాడు. పని అక్కణ్నుంచి మొదలవుతుంది. ఇంకో సంగతి, దూరం కొట్టినవాళ్లలో కొందరు అసలు చూడ్డానికే వెళ్లరు. జింక పడలేదు, కాబట్టి తప్పింది అనుకుని ఇంటికెళ్లిపోతారు. ఊపిరితిత్తుల్లో తగిలినా వంద గజాలు పరిగెత్తే జింకలున్నాయి. ఏ దెబ్బైనా వెళ్లి చూడాల్సిందే, లోయ ఎంత లోతైనా.

పాతకాపు
దూరం నుంచి కొట్టేవాడు వేటగాడే కాదు. షూటర్. వేట అంటే దాని ముక్కు, చెవులు, కళ్లు పనిచేసే దూరంలోకి వెళ్లడం. 500 గజాల్లో దానికి ఏ అవకాశమూ లేదు.

అమెరికాలోని బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ తెలుసు కదా, 1887లో థియోడర్ రూజ్‌వెల్ట్ మొదలుపెట్టిన వేటగాళ్ల సంఘం, న్యాయమైన వేట అనే మాటకు అప్పటి నుంచీ కాపలా కాస్తోంది. దూరపు షూటింగ్ మీద వాళ్లు ఇన్ని గజాలని గీత గీయలేదు. నీ ఉద్దేశం ఏమిటి అని అడిగారు. ఎంత దూరం కొట్టగలనో, నా సామాను ఎంత గొప్పదో ప్రాణమున్న జంతువు మీద పరీక్షించుకోవడమే ఉద్దేశమైతే దాన్ని వేట అనొద్దన్నారు.

గుట్టమల్లి
పాతకాపు గారూ, మొదటి వాక్యం బాధ కలిగించింది. నాకు రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయింది. పాకడం అన్నది నా జన్మలో ఇక లేదు. అయితే నేను వేటగత్తెను కానా?

నేను చేసేది చెప్తాను. ముందు రోజే వెళ్లి అవి నడిచే దారి, రాలిన కాయలు తినే చోటు చూసుకుంటాను. గాలి ఎటు వీస్తే ఎక్కడ కూర్చోవాలో మూడు చోట్లు ఎంచుకుంటాను. తెల్లవారక ముందే వెళ్లి మాటు వేస్తాను, కర్రల స్టాండ్ మీద రైఫిల్ ఆనించి. 120 నుంచి 200 గజాలు. ఒక్కోసారి ఆరు గంటలు కదలకుండా కూర్చుంటాను. నేను జింక దగ్గరికి వెళ్లలేను, అందుకని జింక వచ్చే చోటికి నేనే ముందు వెళ్తాను. దానికి కూడా ముక్కూ చెవులూ అన్నీ పనిచేస్తాయి. రెండుసార్లు నన్ను పట్టేసి వెళ్లిపోయాయి పోయిన సీజన్‌లో.

మీరిద్దరూ దూరమా పాకడమా అని కొట్టుకుంటున్నారు, మధ్యలో మాటు ఉందని గుర్తుచేద్దామని రాశాను.

పాతకాపు
అమ్మా, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. నా మనసులో ఉన్నది గట్టు మీద కుర్చీ వేసుకుని కెమెరా పెట్టి 900 గజాలని వీడియోలు తీసేవాళ్లు. మీరు చేసేది నేను చెప్పిన వేటే, నాకంటే ఓపికగా.

ఆరువందలు
ఆ 900 గజాల వీడియోలు నాకూ నచ్చవు. నా పేరు చూసి అపార్థం చేసుకోవద్దు, 600 అన్నది పళ్లెం మీద. జింక మీద నా హద్దు 450, గాలి నిలిచి ఉంటేనే, బోర్లా పడుకునే వీలుంటేనే. గడ్డి కొసలు ఊగితే 300. ఆ సంఖ్య ఇంట్లో కూర్చుని రాసుకున్నాను, జింక ఎదురుగా ఉన్నప్పుడు కాదు. ఎదురుగా ఉన్నప్పుడు అడిగితే మనసు ఎప్పుడూ అవుననే అంటుంది.

తూటా వేగం గురించి ఎవరూ రాయలేదు. చాలా వేట తూటాలు సరిగ్గా విచ్చుకోవాలంటే తగిలేటప్పుడు సెకనుకు 1800 అడుగుల వేగమైనా ఉండాలి. అంతకంటే తగ్గితే సన్నగా దూసుకుపోతుంది, జింక పరిగెడుతుంది, రక్తం కూడా సరిగా రాదు. మీ రైఫిల్‌కి ఆ వేగం ఏ దూరంలో ఆగిపోతుందో చూసుకోండి. గురి ఎంత బాగున్నా అది దాటకూడని గోడ.

గజంబద్ద
ఇది నేనే రాయాల్సింది. ధన్యవాదాలు.

కొత్తచేయి
బయలు ప్రదేశాల్లో మాత్రం పాకడం కుదరదు కదా? చెట్టూ చేమా లేని చోట దూరమే దిక్కు అంటారు అందరూ.

పాతకాపు
స్కాట్లాండ్ కొండల్లో చెట్టన్నది కనిపించదు. అయినా అక్కడ ఎర్ర జింక వేట అంతా పాకడమే, తరాలుగా. నేల చదునుగా కనిపిస్తుంది గానీ ఉండదు. నడుము లోతు మడత ఒకటి చాలు. నీళ్లు పారిన గాడి వెంట, తడి గడ్డిలో, పొట్ట మీద. బట్టలు తడుస్తాయి, అంతే.

విల్లంబు
కాలి చెప్పులు తీసేసి మందపాటి ఊలు మేజోళ్లతో ఆఖరి యాభై గజాలు నడవడం కూడా నేర్చుకోండి. ఎండు పుల్ల విరిగే ముందే పాదానికి తెలుస్తుంది. ముళ్లున్న నేల అయితే మాత్రం నన్ను తిట్టుకోవద్దు.

పొదచాటు
చాలా రోజుల తర్వాత మళ్లీ రాస్తున్నాను. ఈ సీజన్ అయిపోయింది. ఏం జరిగిందో చెప్పకపోతే బాగోదు.

ఇవన్నీ మావాడికి చదివి వినిపించాను. అడుగుజాడ రాసింది రెండుసార్లు చదవమన్నాడు. అయినా తన మాట తనదే. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. నా వంతులో నేను పాకుతాను, వాడు అవతలి గట్టు మీద కూర్చుని నాకు కన్నుగా ఉంటాడు. వాడి వంతులో వాడు కొడతాడు, 400 లోపే, నేను గుర్తు చూస్తాను.

మూడో రోజు పొద్దున తొమ్మిదిన్నరకి తూర్పు వాలులో మగ జింక పడుకుని కనిపించింది. ఎండ తగిలి రెండు గంటలైంది, గాలి పైకి పాకుతోంది. ఈసారి గట్టు చుట్టూ తిరిగి పై నుంచి దిగాను, గంటా ఇరవై నిమిషాలు. పౌడర్ ప్రతి ఇరవై అడుగులకీ నా మొహం మీదకే వచ్చింది. 130 గజాల దగ్గర చిన్న బండ దొరికింది. కానీ పడుకున్న జింకకు జబ్బ కనిపించట్లేదు, ముందు గడ్డి. ఆగాను. నలభై నిమిషాలు. ఒక చీమ నా మణికట్టు మీద నుంచి మోచేతి దాకా వెళ్లి మళ్లీ తిరిగొచ్చింది. జింక నెమరేస్తోంది. మింగినప్పుడు గొంతులో ముద్ద కిందకి దిగడం, కాసేపాగి మళ్లీ పైకి రావడం స్పష్టంగా కనిపించింది. అలాంటిది నేనెప్పుడూ చూడలేదు.

తనంతట తనే లేచింది. వెనక కాళ్లు ముందు, తర్వాత ముందు కాళ్లు, ఒళ్లు విరుచుకుంది. అడ్డంగా నిలబడింది. కొట్టాను. అరవై గజాలు పరిగెత్తి పడిపోయింది. అరగంట ఆగి వెళ్లాను, లేత ఎరుపు నురుగు, మొదటి అడుగు నుంచీ.

తర్వాతి రోజు వాడు 340 గజాల్లో కొట్టాడు. గడ్డి పోచ కదల్లేదు ఆ పూట. ఉన్నచోటే కూలింది. నేను చూసిన చోటు నుంచి కన్ను తీయలేదు. అంతకు ముందు సాయంత్రం 390లో ఒకటి దొరికింది, గాలి లేస్తోందని వాడే వదిలేశాడు. నేను ఏమీ అనలేదు.

అడుగుజాడ
ఈ ఏడాది మీ ఇద్దరి నుంచీ ఫోన్ రాలేదు. సంతోషం.

ఆరువందలు
గాలి లేచిందని వదిలేసిన మీ స్నేహితుడికి నా నమస్కారం చెప్పండి. కొట్టిన దానికంటే అది కష్టం.

నిదానం
ఒక్కటి. అతను అవతల నుంచి మిమ్మల్ని చూసింది రైఫిల్ స్కోప్‌తో కాదు కదా?

పొదచాటు
అయ్యో, కాదు. ట్రైపాడ్ మీద బైనాక్యులర్స్. వాడి రైఫిల్ సంచీలోనే ఉంది, పేలే వీలు లేకుండా బోల్ట్ తీసేసి.

కొత్తచేయి
సైగలు ఎలా చేసుకున్నారు? వాకీటాకీలా?

పొదచాటు
కాదు, కొన్ని చోట్ల వేటలో వాకీటాకీ వాడటం నేరం, మీ దగ్గర నియమం ఏమిటో ముందే చూసుకోండి. మేం చేతులతోనే. కుడి చెయ్యి చాపితే జింక నాకు కుడి వైపు, ఎడమ చాపితే ఎడమ. రెండు చేతులూ తల మీద పెడితే అది పడుకునే ఉంది. రెండూ పైకెత్తితే లేచింది. వాడు అసలు నిలబడకుండా కూర్చునే ఉంటే ఇంకో జింక ఏదో నా దగ్గర్లో ఉంది, కదలొద్దని. ప్రతి పది నిమిషాలకు నేను బైనాక్యులర్స్‌తో వాడి వైపు చూసేవాణ్ని.

కొత్తచేయి
గాలి మారితే?

పొదచాటు
దానికి సైగ పెట్టుకోలేదు. వాడి దగ్గరున్న గాలి వేరు కదా. జేబులో పౌడర్ సీసా ఉంది, అది చాలు.